విజిల్ కోసం ఎందుకు ఆగాలి?

2023 మార్చి 3 రాత్రి బెంగళూరు శ్రీ కంఠీరవ స్టేడియంలో సునీల్ ఛెత్రి కొట్టిన ఫ్రీకిక్ ప్రస్తావన వస్తే, మన దేశంలో ఫుట్‌బాల్ చూసేవాళ్లలో చాలామంది ఇప్పటికీ ఒకే మాట అంటారు: అది దొంగ గోల్ అని. ఇండియన్ సూపర్ లీగ్ నాకౌట్ మ్యాచ్ అది. 90 నిమిషాలు ముగిసేసరికి బెంగళూరు ఎఫ్‌సి, కేరళ బ్లాస్టర్స్ రెండూ గోల్ చేయలేదు. అదనపు సమయం మొదలైన కాసేపటికి పెనాల్టీ ఏరియా బయట బెంగళూరుకు ఫ్రీకిక్ దొరికింది. బ్లాస్టర్స్ గోల్‌కీపర్ ప్రభ్‌సుఖన్ గిల్ ఇంకా డిఫెండర్ల గోడ సరిచేయించుకునే పనిలో ఉన్నాడు. ఛెత్రి బంతిని నెమ్మదిగా లేపి ఖాళీగా ఉన్న గోల్‌లో పడేశాడు. రెఫరీ క్రిస్టల్ జాన్ గోల్ ఇచ్చాడు. బ్లాస్టర్స్ కోచ్ ఇవాన్ వుకొమనోవిచ్ తన ఆటగాళ్లను మైదానం బయటికి పిలిచాడు. వాళ్లు మళ్లీ లోపలికి రాలేదు. మ్యాచ్ అక్కడితో ముగిసింది, బెంగళూరు సెమీఫైనల్‌కు వెళ్లింది.

అంతకు ముందు ఏడాదే ఫైనల్లో హైదరాబాద్ ఎఫ్‌సి చేతిలో పెనాల్టీ షూటౌట్‌లో ఓడిన జట్టు బ్లాస్టర్స్. ఆ దెబ్బ మానకముందే ఇంకోటి తగిలింది. కొచ్చి చేరిన కోచ్‌కు అభిమానులు విమానాశ్రయంలో ఘనస్వాగతం పలికారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. వాళ్ల వాదన మాత్రం తప్పు. ఆ వాదన ఒక్క కేరళలోనే ఉంటే ఇంత రాయాల్సిన పని లేదు. ఇక్కడ మన దగ్గర టీవీ ముందు కూర్చున్నవాళ్లూ, కామెంటరీ చెప్పేవాళ్లూ, ఒకప్పుడు ఆడినవాళ్లూ అదే మాట అనేస్తున్నారు. గోడ నిలబడకముందు, కీపర్ సిద్ధం కాకముందు, విజిల్ మోగకముందు కొట్టిన ఫ్రీకిక్ అన్యాయమట. గట్టి రెఫరీ అయితే దాన్ని ఒప్పుకోడట. ఈ మాట నిబంధనలకు విరుద్ధం. అంతకన్నా ముఖ్యంగా, ఆటలో న్యాయం ఎటువైపు ఉండాలన్న ప్రశ్నను ఇది తలకిందులు చేస్తుంది.

ముందు నిబంధన చూద్దాం. ఫుట్‌బాల్ నియమావళిలో 13వ నిబంధన ఫ్రీకిక్ గురించి. బంతి కదలకుండా ఉండాలి, తప్పు జరిగిన చోట ఉండాలి, ప్రత్యర్థులు 9.15 మీటర్ల దూరంలో ఉండాలి. బంతిని తన్నగానే, అది స్పష్టంగా కదలగానే ఆట మొదలైనట్టే. డిఫెండింగ్ జట్టుకు గోడ కట్టుకునే హక్కు ఉందని ఆ నిబంధనలో ఎక్కడా లేదు. గోడ గురించి అది చెప్పేదల్లా ఒక్కటే: ముగ్గురు లేదా అంతకన్నా ఎక్కువమంది డిఫెండర్లు గోడగా నిలబడితే, ఫ్రీకిక్ కొట్టే జట్టు ఆటగాళ్లు దానికి ఒక మీటరు దూరంలో ఉండాలి. 2019లో చేర్చిన నియమం ఇది. గోడలో దూరి తోపులాటలకు దిగడం ఎక్కువైపోయి తెచ్చారు. గోడ కడితే ఏం చేయాలో ఉంది. గోడ కట్టేదాకా ఆగాలని లేదు.

విజిల్ సంగతీ అంతే. ఆట ప్రారంభానికి, గోల్ తర్వాత మళ్లీ మొదలుపెట్టడానికి, పెనాల్టీకి విజిల్ తప్పనిసరి. కార్డు చూపించాక, గాయం వల్లో సబ్‌స్టిట్యూషన్ వల్లో ఆట ఆగాక తిరిగి మొదలుపెట్టడానికీ తప్పనిసరి. ఫ్రీకిక్‌కు విజిల్ కావాల్సింది 9.15 మీటర్ల దూరం పాటించేలా రెఫరీ ప్రత్యర్థులను వెనక్కి పంపుతున్నప్పుడు. మిగతా చాలావరకు ఫ్రీకిక్‌లకు విజిల్ అక్కర్లేదని రెఫరీలకిచ్చే మార్గదర్శకాల్లో రాసే ఉంది. గోల్ కిక్‌కు అక్కర్లేదు, కార్నర్‌కు అక్కర్లేదు, త్రోకు అక్కర్లేదు. మిడ్‌ఫీల్డ్‌లో ఫౌలైతే లేచి బంతి పెట్టి పక్కవాడికి పాస్ ఇచ్చేస్తారు. ప్రతి మ్యాచ్‌లో ఎన్నోసార్లు జరిగే పని ఇది. అక్కడ విజిల్ ఏదని ఎవరూ అడగరు. అదే పని గోల్‌కు 20 మీటర్ల దూరంలో జరిగితే మాత్రం దగా అంటారు. నిబంధన మారిందా? మారలేదు. నష్టపోయే జట్టు నష్టం పెరిగింది, అంతే. తప్పు చేసిన జట్టుకు నష్టం ఎక్కువ కాబట్టి తప్పు చేయించుకున్న జట్టు ఆగాలనడం ఏ న్యాయం?

మన దగ్గర ఈ అపోహకు ఒక మూలం క్రికెట్ అని నా అనుమానం. క్రికెట్‌లో బ్యాటర్ సిద్ధంగా లేకుండా బౌలర్ బంతి వేస్తే అంపైర్ దాన్ని డెడ్ బాల్ అంటాడు. ఆ ఆట అలా కట్టి ఉంది: ప్రతి బంతి ఒక కొత్త పోటీ, ఇద్దరూ సిద్ధమయ్యాకే మొదలవుతుంది. క్రికెట్ మధ్యనే పెరిగిన మన కళ్లు ఫుట్‌బాల్‌లోనూ దాన్నే వెతుకుతాయి. కానీ ఫుట్‌బాల్‌లో ‘సిద్ధంగా ఉన్నాడా’ అన్న ప్రశ్నకు పెనాల్టీ దగ్గర తప్ప చోటు లేదు. త్రో విసిరేటప్పుడు డిఫెండర్ నీళ్లు తాగుతుంటే ఆగరు. గోల్ కిక్ కొట్టేటప్పుడు అవతలి జట్టు ఫార్వర్డ్‌లు ఎక్కడున్నారని కీపర్ అడగడు. ఆట ఎటు తిరుగుతుందో కనిపెట్టుకుని ఉండడమే ఇక్కడ సగం ఆట. ఏమరుపాటుకు ఇక్కడ రక్షణ ఉండదు.

2019 మే 7న ఆన్‌ఫీల్డ్‌లో బార్సిలోనాపై లివర్‌పూల్ నాలుగో గోల్ ఎలా వచ్చిందో గుర్తు చేసుకోండి. ట్రెంట్ అలెగ్జాండర్-ఆర్నాల్డ్ కార్నర్ దగ్గర బంతి పెట్టి పక్కకు నడవబోతున్నట్టు కనిపించి, ఒక్కసారిగా వెనక్కి తిరిగి బంతిని లోపలికి పంపాడు. బార్సిలోనా డిఫెండర్లు ఇంకా సర్దుకోలేదు. డివాక్ ఒరిగి గోల్ కొట్టాడు, 4-0, మొదటి లెగ్‌లో 0-3తో ఓడిన లివర్‌పూల్ ఫైనల్‌కు చేరింది. ప్రపంచమంతా ఆ కుర్రవాడి తెలివిని పొగిడింది. దాన్ని దొంగ గోల్ అన్న మనిషిని నేను చూడలేదు. ఛెత్రి చేసింది దానికన్నా ఏ విధంగా వేరు? అక్కడ కార్నర్, ఇక్కడ ఫ్రీకిక్. పైగా కార్నర్ అన్నది బంతి గీత దాటినందుకు వచ్చేది, ఎవరి తప్పూ లేకుండా వచ్చేది. ఫ్రీకిక్ అవతలివాడు నిబంధన మీరినందుకు వచ్చేది. తెలివిని ఎక్కడైనా తగ్గించి చూడాలంటే కార్నర్ దగ్గర చూడాలి. ఫ్రీకిక్ కొట్టే జట్టుకు ఆ తెలివి మీద హక్కు ఇంకా ఎక్కువ.

గోడ కట్టుకోవడం ఎంత పెద్ద ఏర్పాటో ఒక్క క్షణం ఆలోచించండి. కీపర్ ఒక పోస్టు దగ్గర నిలబడి గోడ చివరి మనిషిని బంతికి, పోస్టుకు మధ్య వరుసలోకి తెస్తాడు. ఎంతమంది నిలబడాలో, ఎవరు ఎగరాలో, ఎవరు బంతి మీదికి పరిగెత్తాలో ముందే అనుకుని ఉంటారు. 2018 అక్టోబరులో కాంప్ నౌలో ఇంటర్ మిలాన్ ఆటగాడు మార్సెలో బ్రొజోవిచ్ గోడ వెనక నేలమీద పడుకుని, దాని కిందుగా వచ్చిన బార్సిలోనా ఆటగాడు సువారెజ్ షాట్‌ను ఆపాడు. అప్పటినుంచి ఆ ఏర్పాటు అన్ని లీగుల్లోకీ పాకింది. 2021లో మాంచెస్టర్ సిటీ మీద ఆడుతూ మెస్సీ అంతటివాడు అలా పడుకున్నాడు. ఇదంతా చేయడానికి అరనిమిషం, ఒక్కోసారి నిమిషం పడుతుంది. ఆ సమయం ఎవరు ఇస్తున్నారు? ఫౌల్ చేయించుకున్న జట్టు ఇస్తోంది. ఆగితే తనకూ లాభం అనుకుంటే ఇస్తుంది: మంచి షూటర్‌ను పిలవడానికి, పొడుగు డిఫెండర్లను ముందుకు పంపడానికి. లాభం లేదనుకుంటే ఇవ్వదు. ఆ నిర్ణయం దానిది.

ఇక రెఫరీ పని. ఫ్రీకిక్‌ను నడపడమంటే విజిల్ ఊదడం అనుకునేవాళ్లు ఆ కొద్ది క్షణాల్లో జరిగేది చూడరు. ఫౌల్‌కు విజిల్ ఊదాక రెఫరీ ముందు బంతి ఉండాల్సిన చోటు చూపిస్తాడు. తర్వాత కాసేపు ఏమీ చేయకుండా పక్కకు తప్పుకుంటాడు. మంచి రెఫరీని గుర్తుపట్టేది ఆ కాసేపటిలోనే. త్వరగా కొట్టే ఉద్దేశం ఉందా అని కిక్కర్ కళ్లల్లో వెతుకుతాడు. ఉందనిపిస్తే అడ్డం రాడు. కిక్కర్ ‘దూరం కావాలి’ అని అడిగితే, లేదా కార్డు తీయాల్సిన ఫౌల్ అయితే, అప్పుడు పద్ధతి మారుతుంది. విజిల్‌ను చేత్తో పట్టుకుని చూపించి ‘నేను ఊదేదాకా ఆగు’ అని అందరికీ తెలిసేలా చెబుతాడు. అడుగులు కొలిచి గోడను వెనక్కి పంపుతాడు. 2014 ప్రపంచకప్ నుంచి మనందరికీ పరిచయమైన ఆ తెల్లటి స్ప్రేతో గీత గీస్తాడు. పెనాల్టీ ఏరియాలో ఒకరి చొక్కా ఒకరు లాగేవాళ్లను హెచ్చరిస్తాడు, అసిస్టెంట్ ఆఫ్‌సైడ్ గీతలో ఉన్నాడో లేదో చూసుకుంటాడు, బంతి పడబోయే చోటు కనిపించేలా నిలబడతాడు. ఆ తర్వాతే విజిల్. ఈ రెండు దారుల్లో ఏది ఎంచుకోవాలన్నది ఫౌల్ చేసిన జట్టు సౌకర్యాన్ని బట్టి ఉండదు.

ఇంగ్లండ్ రెఫరీ గ్రాహం పోల్ ఈ పనిని ఎంత శుభ్రంగా చేశాడో 2004 డిసెంబరు 12న హైబరీలో చూశాం. ఆర్సెనల్, చెల్సీ మ్యాచ్. గోల్‌కు ఎదురుగా ఆర్సెనల్‌కు ఫ్రీకిక్. చెల్సీ కీపర్ పెటర్ చెక్ పోస్టు దగ్గర నిలబడి గోడ కట్టిస్తున్నాడు. దూరం కావాలా, ఇప్పుడే కొడతావా అని పోల్ థియెరి ఆన్రీని అడిగాడు. ఇప్పుడే కొడతానన్నాడు ఆన్రీ. కొట్టాడు. గోల్. చెల్సీ ఆటగాళ్లు పోల్ చుట్టూ మూగారు, జోసె మొరీనియో ఆగ్రహించాడు. మ్యాచ్ 2-2గా ముగిసింది. ఆ రోజు కూడా పోల్‌నే తప్పుపట్టినవాళ్లున్నారు. ఏం తప్పు చేశాడు? అడగాల్సినవాణ్ని అడిగాడు. అతనన్నదానికి కట్టుబడ్డాడు. అవతలి జట్టును అనుమతి అడగలేదు, ఎందుకంటే అనుమతి ఇచ్చే అధికారం వాళ్లకు లేదు.

బెంగళూరులో జరిగిందీ అదే తీరుగా ఉంది. గోడా వద్దు, విజిలూ వద్దు అని రెఫరీకి చెప్పానని, నిజంగానే వద్దా అని రెఫరీ తిరిగి అడిగాడని ఛెత్రి మ్యాచ్ తర్వాత అన్నాడు. బ్లాస్టర్స్ ఆటగాడు ఏడ్రియన్ లూనా ఆ మాట విన్నాడు కాబట్టే తన మొదటి ప్రయత్నానికి అడ్డొచ్చాడని కూడా అన్నాడు. ఛెత్రి మాటే ప్రమాణమని నేను అనడం లేదు. కానీ బంతి పక్కన ప్రత్యర్థి ఆటగాడు నిలబడ్డాడంటే, కిక్ ఏ క్షణానైనా రావచ్చని ఆ జట్టులో ఒకరికైనా తెలుసన్నమాట. రాదనుకుంటే అక్కడ నిలబడాల్సిన పనేముంది? కిక్ త్వరగా రాకుండా ఆపడానికి ఒక మనిషిని పెట్టుకుని, అది వచ్చాక ‘వస్తుందనుకోలేదు’ అనడం చెల్లదు.

దీనికి ఎదురుగా వినిపించే గట్టి వాదన ఒకటుంది, దాన్ని దాటవేయను. ఫౌల్ జరిగి అరనిమిషం గడిచాక, రెఫరీ బంతి దగ్గర స్ప్రే వాడాక, ఆటగాళ్లతో మాట్లాడాక కొట్టిన కిక్‌ను ‘త్వరగా కొట్టింది’ అని ఎలా అంటారు? ఆ పాటికి అది విజిల్ కోసం ఆగాల్సిన ఫ్రీకిక్‌గా మారిపోలేదా?

మారదు. నియమావళిలో ఇన్ని సెకన్లలోపు కొడితేనే త్వరగా కొట్టినట్టన్న గడువు లేదు. ఉండడానికి వీల్లేదు కూడా. ఆ అరనిమిషంలో ఎక్కువ భాగం సాధారణంగా ఎవరి వల్ల పోతుంది? ఫౌల్ చేసినవాడు రెఫరీతో వాదిస్తాడు, ఇంకొకడు బంతి ముందు నిలబడతాడు, మరొకడు బంతిని చేత్తో తీసుకుని నాలుగడుగులు నడిచి వదిలేస్తాడు. కిక్కర్‌ను అలా ఆపి, ఆగినందుకు అతని హక్కు పోయిందనడం దారుణం. స్ప్రే గీత బంతి ఎక్కడ ఉండాలో చెబుతుంది. బంతిని గజం ముందుకు జరుపుకునే అలవాటును ఆపడానికి వచ్చింది. అది కిక్కర్‌కు ‘ఆగు’ అని చెప్పే గుర్తు కాదు. ‘ఆగు’ అని చెప్పేది రెఫరీ నోరు, చేతిలోని విజిల్ సైగ.

అందుకే ఒక్క సందర్భంలో మాత్రం నేను అవతలి పక్షాన ఉంటాను. రెఫరీ విజిల్ చూపించి ‘ఆగు’ అన్నాక కిక్కర్ కొడితే, అది గోలైనా సరే, వెనక్కి తెప్పించి మళ్లీ కొట్టించాల్సిందే. అందులో దయాదాక్షిణ్యాలకు తావు లేదు. ‘ఆగు’ అన్న మాట డిఫెండింగ్ జట్టు కూడా విన్నది, దాన్ని నమ్మి బంతికి వెన్ను చూపించింది. రెఫరీ మాటను నమ్మినవాణ్ని మోసం చేయనివ్వకూడదు. గోడను తనే నడిపించుకుంటూ వెనక్కి తీసుకెళ్తున్న రెఫరీ, మధ్యలో కిక్‌ను ఒప్పుకున్నా తప్పే. రెఫరీలను తిట్టాలంటే ఇక్కడ తిట్టండి: సైగ స్పష్టంగా లేకపోవడం, ఒక జట్టుతో గొణిగి రెండో జట్టుకు తెలియనివ్వకపోవడం, ఓసారి ఆగమని ఇంకోసారి అదే చోట కొట్టనివ్వడం. ఇవి నిజమైన లోపాలు. విజిల్ లేకుండా ఫ్రీకిక్ ఒప్పుకోవడం లోపం కాదు.

ఈ లోపాలను చూపించి కొందరు తేలికైన మందు చెబుతారు. గోల్‌కు 25-30 మీటర్ల లోపు ఏ ఫ్రీకిక్‌కైనా విజిల్ తప్పనిసరి చేసేయండి, గొడవే ఉండదు అంటారు. వినడానికి బాగుంది. దాన్ని అమలు చేస్తే ఏమవుతుందో ఒక్క ఎదురుదాడిని తీసుకుని చూడండి. ఫార్వర్డ్ బంతితో దూసుకొస్తున్నాడు. అవతలి జట్టులో వెనక మిగిలింది ముగ్గురే. ఆ ముగ్గురిలో ఒకడు అతని కాలికి అడ్డం వేసి పడేస్తాడు. ఇప్పుడున్న నిబంధన ప్రకారం పడినవాడు లేచి వెంటనే బంతిని పక్కవాడికి అందిస్తే దాడి బతికే ఉంటుంది. విజిల్ తప్పనిసరి అయితే దాడి అక్కడే చచ్చిపోతుంది. మిగతా ఏడెనిమిది మంది పరిగెత్తుకొచ్చి గోడ కడతారు. పడేసినవాడికి మహా అయితే ఒక ఎల్లో కార్డు. ఆ బేరం ప్రతి డిఫెండర్‌కూ గిట్టుబాటే. ఇప్పటికే చాలా జట్లు ఈ ఫౌల్‌ను పాఠంలా నేర్పిస్తున్నాయి. విజిల్ తప్పనిసరి చేయడమంటే ఆ పాఠానికి నియమావళిలో ఆమోదముద్ర వేయడం.

పొరుగు ఆటలు దీన్ని ముందే గ్రహించాయి. హాకీలో 2009లో సెల్ఫ్ పాస్ తెచ్చారు. ఫౌల్ చేయించుకున్న ఆటగాడు ఇంకొకరికి పాస్ ఇవ్వనక్కర్లేకుండా తనే బంతిని కదిలించుకుని పరిగెత్తవచ్చు. మన హాకీ జట్లు దాంతో ఎంత వేగం పుంజుకున్నాయో చూస్తూనే ఉన్నాం. రగ్బీలో పెనాల్టీ దొరికినవాడు బంతిని కాలితో తాకించి వెంటనే దూసుకెళ్తాడు, అవతలివాళ్లు పది మీటర్లు వెనక్కి వెళ్లకపోతే మరో పెనాల్టీ. ఈ ఆటల్లో ఎవరూ ‘మేం సర్దుకోలేదు’ అని మైదానం వదిలి పోవడం లేదు.

ఫుట్‌బాల్ నియమావళి కూడా వందేళ్లకు పైగా అటే నడుస్తోంది. ప్రత్యర్థులు ఉండాల్సిన దూరం ఒకప్పుడు 6 గజాలు. 1913లో దాన్ని 10 గజాలు చేశారు, అదే నేటి 9.15 మీటర్లు. తప్పు చేసినవాణ్ని ఇంకా దూరం నెట్టారే గానీ దగ్గరికి రానివ్వలేదు. ఇంగ్లండ్‌లో 2000లో ఒక ప్రయోగం చేశారు. వెనక్కి వెళ్లకుండా మొండికేసినా, రెఫరీతో వాదించినా ఫ్రీకిక్‌ను పది గజాలు ముందుకు జరిపేవాళ్లు. 2005లో ఆపేశారు. పెనాల్టీ ఏరియాకు దగ్గర్లో ముందుకు జరిపితే గోడ మీదుగా బంతిని వంచి దించడానికి చోటు తగ్గుతుంది, కిక్కర్‌కే నష్టం. ఆ చిక్కును విప్పలేకపోయినా ప్రయోగం ఉద్దేశం సరైనదే అంటాను నేను.

ఇటీవలి మార్పులు ఇంకా స్పష్టం. ఒకప్పుడు కార్డు చూపించాలని రెఫరీ నిర్ణయిస్తే ఆట ఆగి తీరాల్సిందే. 2019 నుంచి, రెఫరీ ఇంకా కార్డు పని మొదలుపెట్టకముందే ఫౌల్ చేయించుకున్న జట్టు వెంటనే ఫ్రీకిక్ కొట్టి, స్పష్టమైన గోల్ అవకాశం సంపాదించుకుంటే ఆటను సాగనిస్తారు. కార్డు తర్వాత ఆట ఆగినప్పుడు చూపిస్తారు. 2020లో ఇంకో అడుగు వేశారు. ఆశాజనకమైన దాడిని ఫౌల్‌తో ఆపినవాడికి ఎల్లో కార్డు ఉంటుంది కదా. అదే ఫౌల్ తర్వాత ఫ్రీకిక్‌ను వెంటనే కొట్టనిస్తే, దాడి నిజానికి ఆగలేదు కాబట్టి ఆ కార్డు అక్కర్లేదన్నారు. అంటే నియమావళి రాసేవాళ్ల లెక్కలో త్వరగా కొట్టే ఫ్రీకిక్ అడ్వాంటేజ్‌కు తోబుట్టువు. ఫౌల్ జరిగినా అడ్వాంటేజ్ ఇచ్చి ఆట సాగనిచ్చిన రెఫరీని అందరూ మెచ్చుకుంటారు. రెండు క్షణాల తర్వాత అదే పని ఫ్రీకిక్ రూపంలో చేస్తే తప్పుపడతారు.

‘రెఫరీ అదుపు తప్పుతుంది’ అన్నది మరో మాట. అంతా ఆపి, అందరినీ వాళ్ల చోట్లలో నిలబెట్టి, విజిల్‌తో మొదలుపెడితే మ్యాచ్ చేతిలో ఉంటుందని పాత రెఫరీలు కొందరు కొత్తవాళ్లకు చెబుతారు. జిల్లా లీగుల్లో, కాలేజీ టోర్నమెంట్లలో ఈ సలహా బాగా నడుస్తుంది. గొడవ రాకూడదన్న భయం దాని వెనక ఉంది. పోలీసు బందోబస్తు లేని మైదానంలో ఒంటరిగా నిలబడే కుర్ర రెఫరీకి ఆ భయం ఉండడం సహజం, అతన్ని నేను నిందించను. కానీ ఆ భయానికి మూల్యం చెల్లించేది ఫౌల్ చేయించుకున్న జట్టు. ఎక్కువ అరిచేవాళ్లకు గోడ కట్టుకునే సమయం, తక్కువ అరిచేవాళ్లకు ఎదురుచూపు. అలా కుదిరిన ప్రశాంతతను అదుపు అనలేం.

ఫ్రాన్స్ క్లబ్ లీల్ కథ ఈ సందర్భంలో చెప్పాలి. 2007 ఫిబ్రవరి 20, చాంపియన్స్ లీగ్. లీల్ జట్టు లాన్స్ పట్టణంలోని మైదానంలో మాంచెస్టర్ యునైటెడ్‌తో ఆడుతోంది. అంతకుముందే లీల్ కొట్టిన ఒక గోల్‌ను రెఫరీ ఒప్పుకోలేదు, ఆటగాళ్లు మండిపడుతున్నారు. 83వ నిమిషంలో యునైటెడ్‌కు ఫ్రీకిక్. కీపర్ టోనీ సిల్వా గోడ కట్టిస్తుండగానే రయాన్ గిగ్స్ కొట్టేశాడు. డచ్ రెఫరీ ఎరిక్ బ్రాంహార్ గోల్ ఇచ్చాడు. లీల్ ఆటగాళ్లు టచ్‌లైన్ వైపు నడిచారు, ఆట కాసేపు ఆగింది, తర్వాత వాళ్లు తిరిగొచ్చి ఆడారు. 0-1తో ఓడారు. యూరోపియన్ సమాఖ్యకు ఫిర్యాదు చేస్తే అది నిలవలేదు. పదహారేళ్ల తర్వాత బెంగళూరులో బ్లాస్టర్స్ అదే దారిలో ఇంకా ముందుకు పోయింది, అసలు తిరిగే రాలేదు. మ్యాచ్ మళ్లీ ఆడించాలన్న వాళ్ల కోరికనూ అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య క్రమశిక్షణ కమిటీ తోసిపుచ్చింది. మైదానం వదిలినందుకు క్లబ్‌కు 4 కోట్ల రూపాయల జరిమానా వేసింది. కోచ్‌పై 10 మ్యాచ్‌ల నిషేధం, 5 లక్షల జరిమానా పడ్డాయి. జరిమానా మరీ ఎక్కువైందని అనుకునేవాళ్లతో నాకు పేచీ లేదు. గోల్ మీద తీర్పుతో దాన్ని కలపకండి. శిక్ష భారంగా ఉన్నంత మాత్రాన గోల్ అన్యాయం అయిపోదు.

రెఫరీలను నిజంగా నిలదీయాల్సిన చోటు ఒకటుంది. దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఫౌల్‌కు విజిల్ మోగగానే ఒక డిఫెండర్ వచ్చి బంతికి మీటరు దూరంలో నిలబడతాడు. చేతులు పైకెత్తి అమాయకంగా మొహం పెడతాడు. కిక్కర్ అతని చుట్టూ దారి వెతుక్కుంటుండగా వెనక మిగతావాళ్లు సర్దుకుంటారు. అప్పుడు రెఫరీ వచ్చి అతన్ని వెనక్కి పంపిస్తాడు. ‘వెళ్లు, వెళ్లు’ అనడమే గానీ కార్డు తీయడు. నిబంధన ఇక్కడ ఎంత కచ్చితంగా ఉందో చూడండి: ఫ్రీకిక్ త్వరగా కొట్టనివ్వకుండా కావాలని అడ్డుకునే ప్రత్యర్థికి ఆటను ఆలస్యం చేసినందుకు ఎల్లో కార్డు చూపించి తీరాలి. చూపించవచ్చు అని లేదు. కిక్కర్ త్వరగా కొట్టినప్పుడు దగ్గర్లో ఉన్న ప్రత్యర్థికి బంతి తగిలితే ఆట సాగుతుంది, ఆ ఇబ్బందిని కిక్కర్ తనకు తానుగా ఒప్పుకున్నాడు కాబట్టి. కావాలని అడ్డుపడినవాడి సంగతి వేరు. ఈ తేడా ప్రతి రెఫరీకీ తెలుసు. ఏ లీగ్ మ్యాచ్ పెట్టి చూసినా ఈ అడ్డుపడడం పలుమార్లు కనిపిస్తుంది, దానికి కార్డు మాత్రం అరుదుగా కనిపిస్తుంది. అదనపు సమయంలో పుట్టిన ఒక్క గోల్ మీద ఇన్నేళ్లు వాదించుకుంటున్నాం. ప్రతి వారం ఇలా తొక్కేసిన ఫ్రీకిక్‌ల గురించి ఒక్క ఫిర్యాదూ వినపడదు, ఎందుకంటే వాటినుంచి గోల్ రాలేదు, రానివ్వలేదు.

విజిల్ తప్పనిసరి చేయమని అడిగేవాళ్లంతా దీన్ని అడగాలి. సీజన్ మొదలయ్యే ముందు క్లబ్బులన్నిటికీ సమాఖ్య రాతపూర్వకంగా చెప్పాలి: మొదటి మ్యాచ్ మొదటి నిమిషం నుంచి, బంతి ముందు నిలబడి కిక్‌ను ఆపినవాడికి హెచ్చరిక ఉండదు, నేరుగా కార్డే. కిక్కర్ దూరం అడిగితే రెఫరీ విజిల్‌ను తలపైకెత్తి చూపాలి, అది కనిపించేదాకా కిక్ ఎప్పుడైనా రావచ్చని రెండు జట్లూ అనుకోవాలి. జిల్లా సంఘాలు కూడా తమ రెఫరీలకు ఇదే నేర్పి, కార్డు చూపించిన కుర్రవాడి వెనక నిలబడాలి. అప్పుడు కీపర్ శిక్షకులు గోడ కట్టించేటప్పుడు కీపర్ బదులు ఒక ఫీల్డ్ ఆటగాడిని పోస్టు దగ్గర నిలబెట్టి వరుస చూడమంటారు, కీపర్‌ను గోల్ మధ్యలో బంతికి ఎదురుగా ఉండమంటారు. కొన్ని జట్లు ఈ పని ఇప్పటికే చేస్తున్నాయి.